మా ముఖాలు - వాళ్ళ యంత్రాలు

మా పదో తరగతి సర్టిఫికెట్ల మీద రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. ఎడమ చెంప మీద ఒకటి, కుడి మోచేతి మీద ఒకటి. బడిలో సారు మమ్మల్ని వరసలో నిలబెట్టి, చొక్కా చేతులు పైకి లాగి, వెతికి వెతికి రాసుకున్నాడు. మనిషిని గుర్తుపట్టడానికి సర్కారుకు ఆ రెండు మచ్చలు చాలిన రోజులవి. ఆ మచ్చలు చూసి మా మతం ఎవరూ చెప్పలేరు. పేరు చూసి చెప్పేవారు. అబ్బాజాన్ గడ్డం చూసి, అమ్మీ బుర్ఖా చూసి చెప్పేవారు. 1990ల మొదట్లో ఖాదర్ మొహియుద్దీన్ తన దీర్ఘకవితకు 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టాడంటే అది ఊరికే పెట్టిన పేరు కాదు. పుట్టుకనే మచ్చగా మోస్తూ వచ్చినవాళ్ళం మేం.

ఇప్పుడు మచ్చలు వెతికే పని లేదు. ముఖమంతా పుట్టుమచ్చే. వీధి మూలన స్తంభం మీద కెమెరా ఉంది. పోలీసు చేతిలో ఫోన్ ఉంది. అందులో ముఖాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. ఫొటో తీస్తే చాలు, పాత నేరస్తుల బొమ్మలతో పోల్చి చూస్తుంది.

"యంత్రానికి మతం లేదు కదా, తప్పు చెయ్యనివాళ్ళకు భయమెందుకు?" అని మా లౌకిక మిత్రులు అడుగుతున్నారు. మంచి మనసుతోనే అడుగుతున్నారు. జవాబు చెప్పడానికి మేం కంప్యూటర్ భద్రత మీద, మనుషుల గోప్యత మీద వచ్చిన కొన్ని పరిశోధనలు చదివాం. కవిత్వాన్ని ఎలా చదువుతామో అలాగే చదివాం. ఎవరు రాశారు? ఎక్కడ నిలబడి రాశారు? రాసింది ఎవరి చేతికి చేరింది? చేరాక ఎవరి బతుకు మారింది? సాహిత్యాన్ని మేం అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. శాస్త్రాన్ని అడక్కుండా ఎందుకు వదలాలి?

ముందు లతాన్యా స్వీనీ సంగతి చెప్పాలి. 1990ల నడుమ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల ఆస్పత్రి వివరాలను పరిశోధనల కోసం బయటికి ఇచ్చారు. పేర్లు తీసేశాం, చిరునామాలు తీసేశాం, ఎవరి గుట్టూ బయటపడదని అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ హామీ ఇచ్చాడు. ఎం.ఐ.టి.లో చదువుకుంటున్న నల్లజాతి యువతి స్వీనీ ఆ హామీని నమ్మలేదు. 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ పట్టణపు ఓటర్ల జాబితా కొన్నది. గవర్నర్ పుట్టిన తేదీనే పుట్టినవాళ్ళు అందులో ఆరుగురున్నారు. వాళ్ళలో మగవాళ్ళు ముగ్గురు. గవర్నర్ ఉండే పిన్‌కోడ్‌లో ఒకే ఒక్కడు. అంతే, గవర్నర్ గారి జబ్బు, ఆయన వాడే మందులు ఆమె బల్ల మీదికొచ్చాయి. పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, పిన్‌కోడ్ - ఈ మూడూ కలిస్తే అమెరికా జనంలో 87 శాతం మందిని విడివిడిగా పట్టుకోవచ్చని 2000లో ఆమె లెక్కగట్టి చూపింది.

ఈ పరిశోధన అల్మారాలో పడి ఉండలేదు. అమెరికా ఆరోగ్య సమాచార నిబంధనలు తయారవుతున్నప్పుడు ప్రస్తావనకు వచ్చింది. పేర్లు తీసేసి వివరాలు ఇవ్వడానికి ఆ నిబంధనలు చూపిన ఒక పద్ధతిలో, పుట్టిన తేదీలో సంవత్సరం తప్ప మిగతాది తీసెయ్యాలి. పిన్‌కోడ్‌లో మొదటి మూడు అంకెల కంటే ఎక్కువ ఉండకూడదు. ఒక విద్యార్థిని చేసిన లెక్క కోట్లమంది రోగుల గుట్టును కాసే నియమాల్లోకి చేరింది. మెచ్చుకుంటాం. అయితే ఒక్క మాట అడక్కుండా ఉండలేం. ఆ రోజు గుట్టు రట్టయింది గవర్నర్‌ది కాకుండా ఏ పాకీపని చేసే మనిషిదో అయ్యుంటే ఆ లెక్కకు అంత విలువ వచ్చేదా?

అదే స్వీనీ 2013లో మరో పరిశోధన అచ్చువేసింది. అప్పటికి ఆమె హార్వర్డ్‌లో ప్రొఫెసర్. ఇంటర్నెట్‌లో తన పేరు వెతికితే పక్కన ఒక ప్రకటన వచ్చింది. ఈమె ఎప్పుడైనా అరెస్టయిందా, వివరాలు చూడండి అన్నట్టుగా ఉంది. ఆమె ఎన్నడూ అరెస్టు కాలేదు. తెల్లవాళ్ళ పేర్లు కొట్టి చూస్తే ప్రకటన ధోరణి మారుతోంది. ఇక్కడ ఆమె ఆవేశపడి ఊరుకోలేదు. నల్లవాళ్ళు ఎక్కువగా పెట్టుకునేవీ, తెల్లవాళ్ళు ఎక్కువగా పెట్టుకునేవీ ఏరి 2,184 మనుషుల పేర్లు వెతికింది. ఒక వెబ్‌సైట్‌లో నల్ల పేర్లకు అరెస్టు మాట ఉన్న ప్రకటన రావడం 25 శాతం ఎక్కువని తేల్చింది. మరుసటి ఏడు, వ్యాపార సంస్థల మీద నిఘా ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ప్రధాన సాంకేతిక అధికారిగా వెళ్ళింది. తన పేరుకు తగిలిన దెబ్బను లెక్కగా మార్చింది. ఆ లెక్కతోపాటు అధికారం ఉన్న గదిలోకి నడిచి వెళ్ళింది.

ఈ కథ మాకు కొత్త కాదు. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికిన మా వాళ్ళెవరినైనా అడగండి. ఫోన్‌లో తెలుగు విని "వచ్చి చూసుకోండి" అన్న పెద్దమనిషి, పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్ళు అడ్వాన్సు ఇచ్చారండీ" అంటాడు. దీన్ని మేం కవిత చేశాం. కథ చేశాం. సభల్లో చదివాం, చప్పట్లు కొట్టించుకున్నాం. రెండువేల పేర్లు పెట్టి లెక్క మాత్రం తియ్యలేదు. ఇది మా లోపం. దీని సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

రెండో రచన 'జెండర్ షేడ్స్'. 2018లో వచ్చింది. రాసినవాళ్ళు జాయ్ బువొలమ్విని, టిమ్నిట్ గెబ్రూ. ఇద్దరూ నల్లజాతి స్త్రీలే. బువొలమ్విని ఎం.ఐ.టి.లో చదువుతుండగా ముఖాన్ని పసిగట్టే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటే అది ఆమె ముఖాన్ని ముఖంగా గుర్తించలేదు. తెల్లటి ప్లాస్టిక్ మాస్కు పెట్టుకుంటే గుర్తించింది! మనిషి ముఖం కన్నా తెల్ల మాస్కే ఎక్కువ మనిషిలా కనిపించిందన్నమాట. అక్కణ్ణించి ఆమె ప్రశ్న మొదలైంది. మూడు ఆఫ్రికా దేశాలు, మూడు ఐరోపా దేశాల పార్లమెంటు సభ్యుల ఫొటోలు 1,270 పోగేశారు. ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్, చైనా వాళ్ళ ఫేస్ ప్లస్ ప్లస్ - ఈ మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లకు చూపి ఆడా మగా చెప్పమన్నారు. తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పు ఎంత ఎక్కువనుకున్నా నూటికి ఒకటి లోపే. నల్లని ఆడవాళ్ళ విషయంలో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ నూటికి దాదాపు 35 సార్లు తప్పు చెప్పింది.

యంత్రానికి మతం లేదు, రంగు లేదు అనేవాళ్ళకు ఇది మొదటి జవాబు. యంత్రానికి ఏమీ లేకపోవచ్చు. దానికి నేర్పినవాళ్ళ దగ్గరున్న బొమ్మల కట్టలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది ఉంటుంది. 2019 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 189 సాఫ్ట్‌వేర్లను పరీక్షించింది. ఒకరి ముఖం చూసి ఇంకొకరనుకునే పొరపాటు చాలా సాఫ్ట్‌వేర్లలో తెల్లవాళ్ళకన్నా నల్లవాళ్ళకూ, ఆసియా వాళ్ళకూ ఎక్కువని తేల్చింది. కొన్నింటిలో పదిరెట్లు, కొన్నింటిలో వందరెట్లు.

పరిశోధన వచ్చాక ఏమైంది? కంపెనీలు ఉలిక్కిపడ్డాయి. సాఫ్ట్‌వేర్లు సవరించుకున్నాయి. 2019లో డెబొరా రాజీ, బువొలమ్విని కలిసి మళ్ళీ కొలిస్తే ఆ మూడింటి తప్పులూ తగ్గాయి. అప్పుడే కొలిచిన అమెజాన్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం తప్పులు బయటపడ్డాయి. ఆ కంపెనీ పరీక్షనే తప్పుపట్టింది. 2020 జూన్‌లో ఐ.బి.ఎం. ఈ వ్యాపారం నుంచి తప్పుకుంటానంది. అమెజాన్ ఏడాదిపాటు పోలీసులకు ఇవ్వనంది, తర్వాత ఆ గడువు పొడిగించింది. చట్టం వచ్చేదాకా అమెరికా పోలీసులకు అమ్మనని మైక్రోసాఫ్ట్ అంది.

తేదీ గమనించండి. వ్యాసం వచ్చింది 2018లో. కంపెనీలు వెనక్కి తగ్గింది 2020 జూన్‌లో. ఆ నడుమ ఏం జరిగింది? 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాడు. లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. కంపెనీల చేత ఆ మాట అనిపించింది వ్యాసం ఒక్కటే కాదు, వీధి. వీధి ఒక్కటే కాదు, వ్యాసం. సాఫ్ట్‌వేర్ సవరించడానికి లెక్క చాలింది. అమ్మకం ఆపడానికి జనం కావలసి వచ్చింది. ఈ తేడా మేం గుర్తుపెట్టుకోవాలి.

డెట్రాయిట్ పోలీసులు రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతీయుణ్ణి 2020 జనవరిలో ఇంటి ముందే, భార్యాపిల్లల కళ్ళముందే అరెస్టు చేశారు. గడియారాల దుకాణంలో దొంగ బొమ్మకు ఆయన ముఖం సరిపోయిందని యంత్రం చెప్పింది. అది తప్పు. ఆయన కేసు వేశాడు. యంత్రం చెప్పిన ఒక్క మాట మీద ఎవరినీ అరెస్టు చెయ్యబోమని 2024లో ఆ నగర పోలీసులు రాజీ ఒప్పందంలో రాసివ్వాల్సి వచ్చింది. స్త్రీలు పోగుచేసిన లెక్క, బాధితుడి కేసు - రెండూ కలిసి ఒక నగరం పోలీసు పద్ధతిని మార్చాయి.

ఇక్కడిదాకా మేం తలవంచి నమస్కరిస్తాం. ఇక్కణ్ణించి మా విమర్శ.

తప్పుల లెక్కతో మొదలైన పోరాటం తప్పుల సవరణతో ముగిసే ప్రమాదం ఉంది. "నల్లవాళ్ళ ముఖాలు సరిగ్గా గుర్తించడం లేదా? సరే, ఇకనుంచి సరిగ్గా గుర్తిస్తాం" అంటుంది కంపెనీ. పరిశోధన ఫలించిందని సభ పెట్టుకోవచ్చు. మరి చార్మినార్ దగ్గర, కాలాపత్తర్‌లో, కిషన్‌బాగ్‌లో నిలబడ్డ మాకు యంత్రం మమ్మల్ని బాగా గుర్తుపట్టడం వరమా, శాపమా? మేం అడిగేది మమ్మల్ని సరిగ్గా చూడమని కాదు. మమ్మల్ని ఎందుకు చూస్తున్నారని.

ఢిల్లీ చూడండి. అక్కడి పోలీసులకు ఈ యంత్రం తప్పిపోయిన పిల్లల్ని వెతకడం కోసమంటూ వచ్చింది. అది రెండు శాతమే సరిగ్గా పనిచేస్తోందని 2018లో హైకోర్టుకు చెప్పారు. ఆడపిల్లనూ మగపిల్లవాణ్ణీ వేరుచేసి చెప్పలేకపోతోందని 2019లో చెప్పారు. 2020 ఫిబ్రవరిలో ఈశాన్య ఢిల్లీ తగలబడ్డాక ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే, ఓటరు కార్డుల, డ్రైవింగ్ లైసెన్సుల బొమ్మలు పెట్టి వెయ్యిమందికి పైగా గుర్తుపట్టామని హోంమంత్రి పార్లమెంటులో చెప్పాడు. ఆ హింసలో చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది ముస్లింలు. ఓటు కోసం దిగిన ఫొటో మమ్మల్ని అడక్కుండానే పోలీసు ఆల్బంలోకి పోయింది. 80 శాతం పోలిక ఉంటే సరిపోయినట్టేనని, అంతకన్నా తక్కువైనా వేరే సాక్ష్యాలతో పరిశీలిస్తామని ఢిల్లీ పోలీసులు సమాచార హక్కు కింద 2022లో జవాబిచ్చారు. నూటికి ఇరవై పోలకపోయినా ఆ ముఖం మనదే!

2021లో విధి సెంటర్ తరఫున జై విప్రా చేసిన పరిశోధన ఈ మాటను ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయింది. యంత్రం తప్పు చేస్తుందా లేదా అన్నదాన్ని పక్కనబెట్టి, ఢిల్లీలో పోలీస్ స్టేషన్లు ఎక్కడ దట్టంగా ఉన్నాయి, ఆ చుట్టుపక్కల ఎవరు బతుకుతున్నారు అని చూసింది. ముస్లింలు ఎక్కువగా ఉన్నచోట్ల నిఘా ఎక్కువగా ఉందని, ఈ యంత్రం భారం దాదాపు తప్పనిసరిగా ముస్లింల మీదే ఎక్కువ పడుతుందని తేల్చింది. లౌకిక మిత్రుల ప్రశ్నకు ఇది రెండో జవాబు. యంత్రానికి మతం లేదు. స్తంభం పాతిన చోటుకు ఉంది.

హైదరాబాద్‌లో పోలీసుల ఫోన్లలోకి ముఖం గుర్తించే సాఫ్ట్‌వేర్ 2018లోనే వచ్చింది. 2021 మే నెలలో లాక్‌డౌన్ రోజుల్లో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ మామగారితో బండి మీద పోతుంటే పాతబస్తీలో ఆపారు. మాస్కు తియ్యమన్నారు. రోగం అంటకుండా పెట్టుకున్న మాస్కు! ఆయన తియ్యలేదు. ఫొటో తీసుకున్నారు. ఎందుకు తీశారో చెప్పలేదు. ఆయన పోలీసు కమిషనర్‌కు నోటీసు పంపాడు, జవాబు రాలేదు. హైకోర్టుకు పోయాడు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పిన మాటను ఒక సాదా మనిషి పట్టుకొచ్చి పాతబస్తీ రోడ్డు మీద నిలబెట్టాడు. అమెరికాలో వ్యాసం నుంచి వీధికి నడిచిన దారిని ఇక్కడ వీధి నుంచి కోర్టుకు నడిచారు.

గుర్తుపట్టడంలో పొరపాటంటే ఏమిటో ఈ నగరానికి యంత్రం రాకముందే తెలుసు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు పోయినవాళ్ళు చచ్చిపోయారు. ఆ తర్వాత పట్టుకుపోయింది కూడా మా పిల్లల్నే. కోర్టులు నిర్దోషులన్నాయి. తర్వాత ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. ఆనాడు తప్పు చేసిన చేతులకు ముఖాలున్నాయి, నిలదీసే వీలుంది. రేపు "మేం కాదు, కంప్యూటర్ చెప్పింది" అంటారు. ఎవరిని నిలదీస్తాం?

చట్టం అడ్డుపడుతుందా? 2022లో వచ్చిన గుర్తింపు చట్టం అరెస్టయినవాళ్ళ కొలతలు, కనుపాపలు, ఫొటోలు తీసుకుని 75 ఏళ్ళు దాచుకునే వీలిచ్చింది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం శాంతిభద్రతల పేరుతో తన సంస్థలను మినహాయించుకునే వీలు ప్రభుత్వానికే ఇచ్చింది. తాళం చేసినవాడే మారుతాళం కూడా తన జేబులో పెట్టుకున్నాడు.

ఇక మా మాట. ఒకప్పుడు మేం "మా గురించి మేమే రాసుకుంటాం, మా బాధకు మీరు గొంతు కానక్కర్లేదు" అన్నాం. స్వీనీ, బువొలమ్విని మా మాటే నిజం చేశారు. తన పేరు గుచ్చుకున్నవాళ్ళకే ఆ ప్రశ్న తట్టింది. తన ముఖం కనబడనివాళ్ళకే ఆ లోపం కనబడింది. కానీ వాళ్ళు అనుభవం దగ్గర ఆగలేదు. అనుభవాన్ని ఎదుటివాడు కాదనలేని లెక్క చేశారు. మేం అనుభవం దగ్గరే ఆగిపోయాం.

అంతకన్నా చేదు నిజం ఒకటుంది. బస్తీల్లో కెమెరాలన్నీ పోలీసులే పెట్టలేదు. 2013 నాటి ప్రజా భద్రతా చట్టం జనం గుమికూడే సంస్థలకు కెమెరాలు తప్పనిసరి చేసింది. ఆపైన జనం చందాలతో కెమెరాలు పెట్టించే పథకానికి పోలీసులు పెట్టిన పేరు 'నేను సైతం'. ఆ రెండు మాటలు ఎక్కడివో తెలుగు చదివిన ప్రతివాడికీ తెలుసు. మహాకవి మాట కెమెరా స్తంభానికెక్కితే తెలుగు సాహిత్యలోకం కిమ్మనలేదు. మేమూ అనలేదు. మా దుకాణదారులు, మా కమిటీ పెద్దలు చందాలిచ్చారు, కొబ్బరికాయ కొట్టే చోట ఫాతెహా చదివారు. మా ఆడవాళ్ళను అడిగారా? ఏ గల్లీలో కెమెరా ఏ ఇంటి గుమ్మం వైపు చూస్తోందో రోజూ ఆ గుమ్మం దాటే ఆడపిల్లకు తెలుసు. ఆమెను ఏ కమిటీ పిలవలేదు. ఏ పరిశోధకుడూ పిలవలేదు.

పెద్ద చదువులు కావాలి కదా అంటారేమో. బువొలమ్విని కంపెనీల సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని పరీక్షించగలిగింది, ఎందుకంటే అది బజారులో దొరికే సరుకు. మన పోలీసుల యంత్రం మన చేతికి రాదు. అందుకని ఇక్కడ పరిశోధన వేరే రూపం ఎత్తాలి. 2021లో ఆమ్నెస్టీ తరఫున వాలంటీర్లు కాలాపత్తర్, కిషన్‌బాగ్ గల్లీలు కాలినడకన తిరిగి కెమెరాలు లెక్కబెట్టారు. వాళ్ళు తిరిగిన మేరలో రెండుచోట్లా సగానికి పైగా నేల కెమెరా కంటి కిందే ఉందని తేలింది. దీనికి ఎం.ఐ.టి. అక్కర్లేదు. కాళ్ళు కావాలి, నోటుబుక్కు కావాలి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయల ఫీజు కావాలి. ఎవరిని ఆపారు, ఎక్కడ ఆపారు, ఎన్నింటికి, ఫొటో తీశారా, కారణం చెప్పారా - ఈ అయిదు ప్రశ్నలు గల్లీ గల్లీలో రాసిపెడితే ఏడాదికి అదొక గ్రంథం అవుతుంది. కోర్టులో నిలబడే గ్రంథం.

లౌకిక మిత్రులారా, మీరు మా మీద జాలిపడి మాతో రావద్దు. ఈ యంత్రం పాతబస్తీలో ఆగదు. ఇవాళ మా గల్లీలో పాతిన స్తంభం రేపు మీ ధర్నా చౌక్‌లో, మీ కార్మికుల గేటు ముందు లేస్తుంది. పేరు మా దగ్గర అడిగారు, ముఖం అందరి దగ్గరా ఉంది.

పరిశోధకులారా, మా ముఖాల్ని యంత్రం ఎంత బాగా గుర్తుపడుతోందో మాత్రమే కొలిచి ఆపెయ్యకండి. ఆ స్తంభం అక్కడ ఎవరు పాతారో, ఎవరి అనుమతితో పాతారో కొలవండి. కొలిచింది ఇంగ్లీషులో అచ్చువేసి ఊరుకోకండి. తెలుగులో, ఉర్దూలో మా చబుత్రా మీదికి తెచ్చి చదవండి. తప్పులుంటే మా అమ్మీలే దిద్దుతారు.

మేం మాత్రం ఇకనుంచి కవిత రాసిన చేత్తోనే లెక్క కూడా రాస్తాం.